ఆదివాసీ భాషకు దండ వద్దు, పోస్టు కావాలి

తెలుగు భాషాభిమానుల మీద నాకు చాలా కోపంగా ఉంది. ఏటా ఆగస్టు 29న గిడుగు రామమూర్తి పటానికి దండ వేస్తారు. ఇంగ్లీషు మీడియం మన పిల్లల నోరు నొక్కేస్తోందని, అమ్మ భాషలో చదవని పిల్లవాడు రెంటికీ చెడ్డ రేవడి అవుతాడని మైకు ముందు కళ్లు తుడుచుకుంటారు. వక్తలకు శాలువాలు, సభికులకు పులిహోర. వాళ్లు చెప్పేదాంట్లో అబద్ధం ఒక్కటీ లేదు. ఆ నిజం ఆదివాసీలుండే ఉట్నూరుకూ సీతంపేటకూ పాడేరుకూ కూడా వర్తిస్తుందా అని అడిగితే మాత్రం వందన సమర్పణ మొదలవుతుంది. ఇంగ్లీషు తెలుగుకు ఏం చేస్తోందో, గోండీకీ కోలామీకీ కువికీ సవరకూ తెలుగు అదే చేస్తోంది, దశాబ్దాలుగా చేస్తోంది. బాధితుల వేషం కట్టుకుని ఊరేగుతున్న దొరలం మనం.

ఆ పటంలో ఉన్న మనిషి సంగతే చూద్దాం. 1863లో శ్రీకాకుళం సీమలోని పర్వతాలపేటలో పుట్టి, పర్లాకిమిడిలో మేష్టరుగా స్థిరపడ్డాడు. చుట్టుపక్కల కొండల్లో ఉండే సవరల మాట తనకు తెలియకపోవడం తన కొరతే అనుకున్నాడు. ఆ భాష వచ్చినవాణ్ని ఇంట్లో పెట్టుకుని నేర్చుకున్నాడు. సవర పిల్లలకు వాళ్ల భాషలో పుస్తకాలు రాశాడు, చేతి డబ్బు పెట్టి బడులు నడిపాడు. 1931లో మద్రాసు ప్రభుత్వం ఆయన సవర భాషా గ్రంథాన్ని అచ్చువేసింది. 1933లో ఇంగ్లీషు నుంచి సవరకు, 1938లో సవర నుంచి ఇంగ్లీషుకు నిఘంటువులు వచ్చాయి. వ్యావహారిక తెలుగు కోసం పండితులతో తలపడకముందే ఆయన సవర పని మొదలుపెట్టాడని గుర్తుంచుకోవాలి. పిల్లవాడికి తెలిసిన మాటలో చదువు చెప్పాలన్న సూత్రాన్ని ఆయన ముందు పెట్టింది సవర బడిలో, తర్వాత అడిగింది తెలుగు బడికి. మనం రెండోది ఉంచుకుని మొదటిదాన్ని పారేశాం. ఆయన పుట్టినరోజును తెలుగు భాషా దినోత్సవం చేసేసి, సవర వాటా మొత్తం మింగేశాం. సవర పిల్లలకు ఆ రోజున కూడా తెలుగులోనే వ్యాసరచన పోటీ.

ఇక ఒకటో తరగతి గదిలోకి రండి. అయిదేళ్ల కోలాం పిల్ల. ఇంట్లో, గూడెంలో, పశువుల వెనక తిరిగేటప్పుడు విన్నదంతా కోలామీ. అయ్యవారు మంచివాడే అనుకుందాం. కొట్టడు, తిట్టడు, రోజూ వస్తాడు. అయినా ఆయన నోటి నుంచి వచ్చేది ఆ పిల్లకు వట్టి చప్పుడు. కొన్నాళ్లకు అక్షరాలు గుర్తుపడుతుంది. వాచకం తెరిచి గడగడా చదువుతుంది కూడా. తనిఖీకి వచ్చిన అధికారి సంతోషించి, సంతకం పెట్టి జీపెక్కుతాడు. చదివినదానికి అర్థమేమిటని ఆయన అడగడు. అడగాలనుకున్నా ఏ భాషలో అడుగుతాడు? మూడో తరగతికి వచ్చేసరికి మాటల లెక్కలు మొదలవుతాయి. కూడికలు, తీసివేతలు తప్పులేకుండా చేసే పిల్ల, రామయ్య దగ్గర పన్నెండు మామిడిపళ్లు ఉన్నాయి అనగానే దిక్కులు చూస్తుంది. ఆ పిల్ల పేరు పక్కన ‘వెనుకబడిన విద్యార్థి’ అని రాసుకుంటారు. కొందరు అయ్యవార్లు ఇంతకన్నా మొరటు మాట వాడతారు, అది రాయడానికి నాకు చేయి రాదు. తర్వాత ఎప్పుడో పదో తరగతి ఫలితాలొస్తాయి, ఏజెన్సీ ఎందుకు వెనకబడిందని సమీక్ష పెడతారు, ఉదయం ఆరింటికి స్టడీ అవర్లు పెట్టమని ఆదేశాలిస్తారు. ఆ సమీక్షలో ఒకటో తరగతి గురించి అడిగేవాడు ఉండడు.

దీన్ని తప్పించడానికి చట్టాలు లేవా అంటే దండిగా ఉన్నాయి. రాజ్యాంగంలో 350-ఎ అధికరణం 1956లోనే వచ్చింది. భాషాపరమైన అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధించే వసతి కల్పించాలని అది రాష్ట్రాలకు చెబుతోంది. 2009 విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్ కూడా అదే చెప్పి, ‘సాధ్యమైనంతవరకు’ అని తోక తగిలించింది. ఆ తోక పట్టుకునే ప్రభుత్వాలన్నీ వైతరణి దాటేస్తున్నాయి. 2020 జాతీయ విద్యావిధానం అయిదో తరగతి దాకా ఇంటి భాష అంటుంది. కాగితం మీద ఆదివాసీ పిల్లకున్నన్ని హక్కులు కలెక్టరు పిల్లకు కూడా ఉండవు.

తమాషా ఏమిటంటే, ఈ 350-ఎ గురించి మన తెలుగువాళ్లకు బాగా తెలుసు. హోసూరు వైపు వెళ్లి చూడండి. 2006లో తమిళనాడు ప్రభుత్వం తమిళం నేర్చుకోవడం తప్పనిసరి చేస్తూ చట్టం తెచ్చినప్పుడు అక్కడి తెలుగువాళ్లు మా పిల్లలకు మా భాషలో చదువుకునే హక్కు ఉందని కోర్టులకెక్కారు, రోడ్డెక్కారు. మంచి పని చేశారు. ఇక్కడి తెలుగు సంఘాలు వాళ్లకు మద్దతుగా తీర్మానాలు చేశాయి. అదీ మంచి పనే. అమెరికాలో సిలికానాంధ్ర మనబడి వాళ్లు శని, ఆదివారాల్లో కూర్చోబెట్టి డాలస్‌లో పుట్టిన పిల్లలకు అఆలు దిద్దిస్తున్నారు. వాళ్ల ఓపికకు దండం పెట్టాలి. హోసూరు పిల్లవాడికి ఉన్న హక్కు, డాలస్ పిల్లవాడి మీద ఉన్న ప్రేమ, జోడేఘాట్ గోండు పిల్లవాడి దగ్గరికి వచ్చేసరికి ఎందుకు ఆవిరైపోతున్నాయి? మైనారిటీగా ఉన్నచోట రాజ్యాంగం చదివి, మెజారిటీగా ఉన్నచోట అటక మీద పడేస్తే దాన్ని భాషాభిమానం అనరు. అది వట్టి పెత్తనం.

పోనీ ఈ ఆదివాసీలు మనకు పరాయివాళ్లా అంటే అదీ కాదు. తెలుగు తమిళం నుంచి పుట్టిందని ఎవడన్నా అంటే కత్తులు నూరే మనకు, తెలుగు రక్తసంబంధం ఎవరితోనో తెలుసుకునే తీరిక లేదు. భద్రిరాజు కృష్ణమూర్తి ద్రావిడ భాషల్ని వర్గీకరించినప్పుడు తెలుగును గోండీ, కొండ, కూయి, కువి, పెంగో, మండ భాషలతో కలిపి ఒకే కొమ్మ మీద కూర్చోబెట్టాడు. మన తోబుట్టువులు మధురైలో లేరు, మన్యంలో ఉన్నారు. 2008లో ప్రాచీన హోదా వచ్చినప్పుడు టపాకాయలు కాల్చుకున్నాం కదా, తెలుగు పాత రూపం ఎలా ఉండేదో తెలుసుకోవడానికి భాషావేత్తలు చెవి పెట్టి విన్నది ఆ కొండల్లో ఉన్నవాళ్ల మాటలనే. భద్రిరాజు 1969లో కొండ భాషకు వ్యాకరణం రాశాడు. దాన్ని హైదరాబాదులోని గిరిజన పరిశోధనా సంస్థే అచ్చువేసింది. పి.ఎస్. సుబ్రహ్మణ్యం 1968లో గోండీ వ్యాకరణం రాశాడు. ఎమెనో 1955లో కోలామీ మీద పుస్తకం తెచ్చాడు. ఇవన్నీ ఇంగ్లీషులో ఉన్న గొప్ప పుస్తకాలు. ఆ పండితులు తమ పని తాము చేశారు, వాళ్లను అనడానికి నాకు నోరు రాదు. ఆ పుస్తకాల పక్కన ఒక బడి లేచిందా అన్నదే నా ప్రశ్న. ద్రావిడ భాషాశాస్త్రానికి ఆ భాషలు పనికొచ్చాయి. ఆ భాషలకు మనం ఎందుకు పనికొచ్చాం?

అసలు గొడవ ఉద్యోగం దగ్గర ఉంది. భాష, సంస్కృతి, అస్తిత్వం వంటి పెద్ద మాటలన్నీ పక్కనపెట్టి టీచర్ల నియామకానికి వచ్చే ఒక్క డీఎస్సీ నోటిఫికేషన్ తీసి చూడండి. ఆంధ్రప్రదేశ్‌లో చిన్న తరగతులు చెప్పే ఎస్జీటీ పోస్టులు తెలుగుతో పాటు ఉర్దూ, ఒడియా, తమిళం, కన్నడం మాధ్యమాల వారీగా ఉంటాయి. సరిహద్దు జిల్లాల్లో ఆ భాషలవాళ్లున్నారు కాబట్టి అది న్యాయం. తెలంగాణలో అయితే ఉమ్మడి ఆదిలాబాదు జిల్లాలో మరాఠీ మాధ్యమం బడులున్నాయి. కాగజ్‌నగర్ వైపు తూర్పు బెంగాల్ నుంచి వచ్చిన కాందిశీకుల పిల్లలకు బెంగాలీ మాధ్యమం ఉంది. ఆ రెండు భాషల్లోనూ ఉపాధ్యాయ పోస్టులు ప్రకటించారు. అందులో నాకు ఏ అభ్యంతరమూ లేదు, అన్నీ ఉండాలి. కానీ ఆ కాగజ్‌నగర్ ఉన్న జిల్లా పేరేమిటి? కుమురం భీం ఆసిఫాబాద్. ఒక గోండు వీరుడి పేరు పెట్టుకున్న జిల్లాలో మరాఠీ టీచరుకు పోస్టుంది, బెంగాలీ టీచరుకు పోస్టుంది, గోండీ టీచరుకు లేదు. కోలామీ టీచరుకు లేదు. భీముడి విగ్రహం ఉంది. ఆయన మాట్లాడిన భాషకు స్కేలు లేదు, సర్వీసు లేదు, పింఛను లేదు.

అర్హులు దొరకరండీ అంటారు సచివాలయంలో. ఈ సాకును పూడ్చి ఎనభై ఏళ్లు దాటింది. 1940లో భీముణ్ని కాల్చి చంపిన నిజాం ప్రభుత్వమే, ఆయన నడిపిన తిరుగుబాటు ఎందుకొచ్చిందో తెలుసుకోవడానికి హైమెన్‌డార్ఫ్ అనే పరిశోధకుణ్ని పంపింది. అతడు మార్లవాయిలో గుడిసె వేసుకుని ఉండి, 1943లో గోండు విద్యా పథకం మొదలుపెట్టించాడు. అప్పుడు చదువొచ్చిన గోండులు వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది కూడా లేరు. అందుకని ముందు మార్లవాయిలో ఉపాధ్యాయ శిక్షణ కేంద్రం పెట్టారు, గోండు కుర్రాళ్లనే అయ్యవార్లుగా తయారుచేశారు, నాగరి లిపిలో గోండీ వాచకాలు వేశారు. ఎవరు చేశారు ఈ పని? ఉర్దూ తప్ప మరో భాషను దగ్గరికి రానివ్వని ప్రభుత్వం, తుపాకీ చేతిలో ఉన్న ప్రభుత్వం, దిక్కులేక చేసింది. ఇవాళ ప్రతి గూడెంలో ఇంటరో డిగ్రీయో చదివి ఉపాధి హామీ పనికి పోతున్న కుర్రాళ్లున్నారు. వాళ్లకు ఉట్నూరులోనో సీతంపేటలోనో పాడేరులోనో వాళ్ల భాషా బోధన మీద ప్రత్యేక డీఎడ్ బ్యాచ్ నడపడం మన ప్రజా ప్రభుత్వాలకు కష్టమైపోయింది.

2020 ఏప్రిల్ నెల నాకు బాగా గుర్తు. ఆ నెల 15న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ప్రభుత్వ బడుల్లో ఇంగ్లీషు మీడియం తప్పనిసరి చేసిన జీవోలను కొట్టేసింది. కరోనా లాక్‌డౌన్‌లో కూడా భాషాభిమానులు పండగ చేసుకున్నారు, ఫోన్లలో అభినందనలు, పత్రికల్లో వ్యాసాలు. సరిగ్గా వారానికి, 22న, సుప్రీంకోర్టు జీవో నంబరు 3ను కొట్టేసింది. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో ఉపాధ్యాయ పోస్టులు నూటికి నూరూ స్థానిక గిరిజనులకే అని 2000లో వచ్చిన జీవో అది. ఏజెన్సీ అట్టుడికింది. మైదానంలో ఒక్క తెలుగు సభ కూడా నోరు విప్పలేదు. ఆదివాసీ బిడ్డ బడిలో ఆదివాసీ అయ్యవారు ఉంటాడా పోతాడా అన్నది వాళ్ల దృష్టిలో భాషా సమస్య కానే కాదు, రిజర్వేషన్ల తగాదా.

ఇక్కడ మా ఆదివాసీ సంఘాల మిత్రులకు నచ్చని మాట ఒకటి అనక తప్పదు. జీవో 3 మంచిదే, కానీ అది మనిషి పుట్టుక అడిగింది, నోట్లో ఉన్న భాష అడగలేదు. దాంతో ఏమైంది? లంబాడా అయ్యవారు కోలాం గూడేనికి, తెలుగు తప్ప మరోటి రాని గిరిజన టీచరు కువి పల్లెకు పోస్టింగు మీద వెళ్లారు. సర్టిఫికెట్టు సరిపోయింది, పిల్లకు మాత్రం మళ్లీ చప్పుడే. ఆ పోస్టుల కోసం పోరాడవలసిందే, కొత్త చట్టం తెమ్మని అడగవలసిందే. దాంతో పాటు ఎవరూ కొట్టేయడానికి వీల్లేని మరో దారి ఉంది. ఉర్దూ మీడియం టీచరుకు ఉర్దూ వచ్చి ఉండాలని పెట్టిన అర్హతను ఏ కోర్టూ వివక్ష అనలేదు. ఎస్జీటీ-గోండీ, ఎస్జీటీ-కువి, ఎస్జీటీ-సవర అని పోస్టు సృష్టించి, ఆ భాష ధారాళంగా మాట్లాడగలగడమే అర్హత అనండి. అది కుల రిజర్వేషన్ కాదు. గొంతు విప్పి మాట్లాడించి చూస్తే తెలిసిపోయే పని. ఆ పోస్టుకు మైదానం నుంచి ఎవడన్నా వస్తానంటే, కువి నేర్చుకుని రమ్మనండి. గిడుగు నేర్చుకోలేదా?

ఉన్న పథకాల సంగతి చెప్పకపోతే నేను మోసం చేసినట్టవుతుంది. ఉమ్మడి రాష్ట్రంలో 2004 ప్రాంతంలో బహుభాషా విద్య పేరుతో ఎనిమిది భాషలు తీసుకున్నారు: గోండీ, కోయ, కోలామీ, కువి, సవర, కొండ, ఆదివాసీ ఒడియా, బంజారా. తెలుగు లిపిలో వాచకాలు వేశారు. ఊళ్లలోని పెద్దవాళ్లను కూర్చోబెట్టి కథలు, పాటలు, లెక్కల ఆటలు పోగుచేశారు. దేశంలోనే ముందు వరసలో నిలిచిన ప్రయత్నం అది, ఒడిశా కూడా ఆ తర్వాతే మొదలుపెట్టింది. పుస్తకాలు బాగున్నాయి. వాటిని చెప్పే మనిషిని మాత్రం ప్రభుత్వం ఎన్నడూ మనిషిగా లెక్కించలేదు. ఆంధ్రా ఏజెన్సీలో మాతృభాషా వాలంటీర్లని పెట్టారు, నెలకు అయిదు వేల గౌరవ వేతనం. వేతనం సరే, అందులో గౌరవం ఎక్కడుందో నాకు కనిపించలేదు. వేసవి సెలవులకు ముందు ఆపేస్తారు, బడులు తెరిచాక రెన్యువల్ కోసం గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏ ముందు ధర్నాకు కూర్చోవాలి. అప్పటికి సగం విద్యా సంవత్సరం గడిచిపోతుంది. అక్షరాలు దిద్దుకోవలసిన పిల్ల ఆ ఆర్నెల్లూ మళ్లీ చప్పుడు వింటూ కూర్చుంటుంది. ఒక భాషకు అయిదు వేలు విలువ కట్టిన రాజ్యం ఆ భాష విలువేమిటో ఆ గూడేనికంతటికీ నేర్పేసింది. అదే గదిలో తెలుగు చెప్పే అయ్యవారికి ఎంతొస్తుందో పిల్లల తల్లిదండ్రులకు తెలియదనుకుంటున్నారా? ఏ భాష అన్నం పెడుతుందో వాళ్లు ఆ రెండు జీతాలూ చూసి నేర్చుకుంటారు.

అందుకే, వాళ్లే ఇంగ్లీషు కావాలంటున్నారు కదా అని ఎవరన్నా నాతో అంటే ఒళ్లు మండిపోతుంది. అవును, అంటున్నారు. బాగా చెప్పిన గోండీ బడి, గోండీ మీదుగా తెలుగు, ఇంగ్లీషు నేర్పే బడి వాళ్లకు ఎప్పుడన్నా చూపించారా? అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినానివ్వదు. ఉన్నవి రెండే: ఏమీ రాని తెలుగు బడి, ఏమీ రాని ఇంగ్లీషు బడి. రెండోదానికి బూట్లు, టై అయినా ఉంటాయని ఎంచుకుంటారు. మొదటి మూడేళ్లు పిల్లకు తెలిసిన భాషలో చదవడం, రాయడం, లెక్కించడం నిలబెట్టి, పక్కనే తెలుగును రెండో భాషగా మాట్లాడించి, ఆపై ఇంగ్లీషు పట్టిస్తే మూడూ వస్తాయి. పిల్లవాడికి చదవడమంటే అర్థం చేసుకోవడమని ఒక్కసారి తెలిస్తే చాలు, ఆ తెలివి ఏ భాషకైనా వెంట వస్తుంది. తెలుగు పిల్లల విషయంలో మనం కోర్టులో వాదించింది ఇదే కదా. పాడేరు ఘాటు ఎక్కగానే ఆ శాస్త్రం మారిపోతుందా?

లిపి లేదు కదా అన్నది మరో పాత సాకు. సవరకు మంగేయి గొమాంగో 1936లో సొరంగ్ సొంపెంగ్ లిపి రూపొందించాడు. నార్నూరు దగ్గర గుంజాల గ్రామంలో గోండీ రాతప్రతులు బయటపడ్డాయి, ఆ లిపికి 2018లో యూనికోడ్‌లో చోటు దొరికింది. గోండీ దాదాపు ముప్పై లక్షల మంది భాష, సొంత అక్షరాలు కూడా ఉన్న భాష, ఇంకా దేని కోసం ఆగాలి? నా అభిప్రాయం అడిగితే, ఒకటో తరగతిలో తెలుగు లిపితో మొదలుపెట్టినా కొంపలేమీ మునగవు. కావాలనుకున్న గూడెం గుంజాల లిపిని మూడో తరగతిలో నేర్పుకోనీ. ఏ లిపి అన్న తగువు తేలేదాకా బడే వద్దనడం అధికారులకు మహా హాయిగా ఉంటుంది. ఆ తగువును వాళ్లే ఎగదోస్తారేమోనని నాకు అనుమానం కూడా ఉంది.

ఒక్క అభ్యంతరానికి మాత్రం నేను తల ఊపుతాను. అరకు వైపు ఆశ్రమ పాఠశాలలో ఒకే గదిలో కువి, కొండ, గదబ, ఆదివాసీ ఒడియా మాట్లాడే పిల్లలుంటారు. అక్కడ కష్టమే. కానీ ఆ కష్టం ఎవరు తెచ్చిపెట్టింది? ఒకే భాష మాట్లాడే చిన్న ఊళ్లో ఉన్న చిన్న బడిని హేతుబద్ధీకరణ పేరుతో ఎత్తేసి, ఏడేళ్ల పిల్లను యాభై కిలోమీటర్ల అవతల హాస్టల్లో పడేసింది ఎవరు? అమ్మమ్మ నోటి నుంచి పిల్ల చెవిని విడదీశాక, భాషలు ఎక్కువైపోయాయని మొరపెట్టుకోవడం సిగ్గులేని పని. మొదటి మూడు తరగతులు ఊళ్లోనే ఉంచండి. అంగన్‌వాడీ కార్యకర్త చాలాచోట్ల ఆ ఊరి మనిషే, ఆ భాష మనిషే. ఆమెకు తెలుగు పాటల చార్టుల బదులు ఆమె భాషలో బొమ్మల పుస్తకాలివ్వండి. న్యూజిలాండ్‌లో మావోరీలు 1982లో ఇలాగే చంటిపిల్లల దగ్గరినుంచి, ముసలివాళ్లను బడిలో కూర్చోబెట్టి, పోతున్న భాషను పట్టుకున్నారు. వాళ్ల పరిస్థితి మనకన్నా చాలా దిగజారి ఉంది. మన గోండులూ కోయలూ ఇంకా ఇంట్లో ఆ భాషే మాట్లాడుతున్నారు. బతికి ఉన్నదాన్ని బతకనివ్వడమే మనం చేయవలసింది.

కేంద్రం తక్కువేం తినలేదు. ఆదివాసీ పిల్లల ఏకలవ్య పాఠశాలల నియామకాలు 2023లో ఢిల్లీ చేతుల్లోకి వెళ్లాయి. ఆ పరీక్షలో హిందీ పరిజ్ఞానం అడిగారు, పిల్లల భాష అడగలేదు. ఉత్తరాది నుంచి వచ్చిన టీచర్లు, తెలంగాణ ఆదివాసీ పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ కూర్చున్నారు. జనాభా లెక్కల్లోనైతే ఇంకో వింత. తండాల్లో మాట్లాడే లంబాడీని 2011 లెక్కల్లో హిందీ కింద జమ కట్టారు. ముప్పై రెండు లక్షల పైచిలుకు మంది భాష హిందీ సంఖ్యలో కలిసిపోయింది. ఆ లెక్కల్లోనే సంస్కృతం మాతృభాష అన్నవారు 24,821 మంది, గోండీ అన్నవారు 29 లక్షల 84 వేల మంది. రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులో ఉన్నది ఏదో చెప్పనక్కర్లేదు. సంస్కృతం మీద నాకు పగలేదు. సంతాలీని 2003లో ఆ షెడ్యూలులో చేర్చాక సివిల్స్‌లో ఆ సాహిత్యం ఐచ్ఛికాంశమైంది, సాహిత్య అకాడమీ అవార్డులు వచ్చాయి, బెంగాల్లో సంతాలీ మీడియం బడులు నడుస్తున్నాయి. ఆ భాష చదివినవాడికి ఉద్యోగం ఉందని సంతాలులు చూస్తున్నారు. గోండీ చదివితే ఏమొస్తుందో మనం చూపించామా?

మనం ఇచ్చేవి పద్మశ్రీలు. గుస్సాడీ నాట్యానికి మార్లవాయి కనకరాజుకు 2021లో ఇచ్చారు. కోయ వీరగాథలు డోలు మీద పాడే సకిని రామచంద్రయ్యకు 2022లో ఇచ్చారు. ఇద్దరూ ఆ గౌరవానికి తగినవాళ్లే, ఇద్దరూ 2024లో పోయారు. రామచంద్రయ్య నోట్లో ఉన్న కథ సమ్మక్క–సారలమ్మలది. మేడారానికి రెండేళ్లకోసారి కోటి మంది పోతారు, ఎత్తు బంగారం అని బెల్లం తూచి ఇస్తారు, వీఐపీలు హెలికాప్టర్లలో దిగుతారు. కోయల తల్లికి మొక్కుతారు. ఆ తల్లి బిడ్డలు ఏ భాషలో చదువుకుంటున్నారో ఆ కోటి మందిలో ఎంతమంది అడిగారు? జాతరకు కోట్ల రూపాయలు మంజూరు చేసే ముఖ్యమంత్రులు ఒక్కరైనా కోయ అయ్యవారి పోస్టు మంజూరు చేశారా? నెమలి ఈకల టోపీ పెట్టుకుని ఫోటో దిగడం అందరికీ వచ్చు.

భాషలు వాటంతటవే పోతాయని, కాలమహిమ అని కొందరు పెద్దలు నిట్టూరుస్తారు. 2010లో అండమాన్‌లో బో భాష మాట్లాడే ఆఖరి మనిషి బోవా సీనియర్ కన్నుమూసినప్పుడు మన పత్రికలు కూడా కన్నీటి సంపాదకీయాలు రాశాయి. పోయిన భాషకు సంతాపం రాయడం మనకు బాగా అబ్బిన విద్య. గోండీకి అంత ముసలితనం రాలేదు. కోయ, సవర మాట్లాడేవాళ్లు నాలుగేసి లక్షల మంది ఉన్నారు, కోలామీ లక్ష దాటింది. కొండ భాష అరవై వేల దగ్గర ఉంది, దాని గురించి మాత్రం భయపడాలి. అయినా ఒక భాష పోవాలంటే మన రాష్ట్రాల్లో దగ్గర దారులు చాలా ఉన్నాయి. పోలవరం ప్రాజెక్టు చూడండి. లక్షకు పైగా కుటుంబాలు ఊళ్లు వదిలిపోవాలి, వాటిలో పెద్ద భాగం కోయలు, కొండరెడ్లు. ఒకే భాష వినబడే గోదారి గట్టు ఊళ్లను విడగొట్టి కాలనీలుగా సర్దారు. పునరావాస ప్యాకేజీలో ఇల్లు, పొలం, నగదు అన్నిటికీ గడులున్నాయి. భాషకు గడి లేదు.

నేను కొత్త అకాడమీ అడగడం లేదు, మ్యూజియం అడగడం లేదు, అంతర్జాతీయ సదస్సు అసలే వద్దు. వచ్చే డీఎస్సీలో మాధ్యమాల జాబితా ఉన్నచోట మరాఠీ కింద గోండీ, కోలామీ, కోయ అని, ఒడియా కింద సవర, కువి, కొండ, ఆదివాసీ ఒడియా అని వరసలు చేర్చండి. వాలంటీరు కాదు, రెగ్యులర్ పోస్టు. గౌరవ వేతనం కాదు, స్కేలు. ఉపాధ్యాయ సంఘాలు పీఆర్సీ కోసం సమ్మె నోటీసిచ్చేటప్పుడు ఈ డిమాండును కూడా ఒక నంబరు వేసి పెట్టాలి. ఇన్నేళ్లు పెట్టనందుకు వాళ్లను కూడా నేను వదిలిపెట్టను. తెలుగు సంఘాలు గిడుగు పేరు వాడుకోవాలంటే ఆ నోటిఫికేషన్ కోసం సచివాలయం మెట్లెక్కాలి, లేదంటే ఆ పటం దించి ఇంకెవరిదన్నా పెట్టుకోవాలి. ఆర్థిక శాఖ అనుమతి లేదంటారా? ఎప్పుడు అడిగారు, ఏ ఫైల్లో అడిగారు? నంబరు చెప్పండి. అది ఎవరి బల్ల మీద ఆగిందో సమాచార హక్కు కింద మేమే కనుక్కుంటాం. అసలు ఫైలే పెట్టలేదని తేలితే, ఆ సంగతి తెలుగులోనే కాదు, గోండీలో కూడా పోస్టరు వేసి ఉట్నూరు ఐటీడీఏ గోడకు అంటిస్తాం.